ఇంగ్లిష్ రైటింగ్‌లో లింకింగ్ వర్డ్స్: ప్రతి వాక్యానికీ ఒకటి పెట్టాలా?

మియాపూర్_మెట్రో

అందరికీ నమస్తే. వచ్చే నెల ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాస్తున్నా, యూకేలో మాస్టర్స్ కోసం. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్తున్నా. రైటింగ్ క్లాసులో లింకింగ్ వర్డ్స్ అని ఒక షీట్ ఇచ్చారు, రెండు వైపులా నిండా ఉంది. అన్నీ బట్టీ కొట్టేసి ప్రతి వాక్యాన్నీ ఏదో ఒకదానితో మొదలుపెట్టమన్నారు, అలా చేస్తే కోహీరెన్స్ (వాక్యాలు పొందికగా కలవడం) మార్కులు వాటంతట అవే వస్తాయట. అలాగే రాస్తున్నా. కానీ మాక్ టెస్టుల్లో రైటింగ్‌లో చూసే మిగతా మూడు అంశాలకీ 7 వస్తుంటే కోహీరెన్స్ మాత్రం 6 దాటట్లేదు, పక్కన 'మెకానికల్' అని రాసి ఇస్తున్నారు. షీట్ ఇచ్చినవాళ్ళే ఆ మాట రాస్తుంటే నేనేం అర్థం చేసుకోవాలి? ఈ మధ్య రాసిన పేరా ఒకటి కింద పెడుతున్నా. గ్రామర్ తప్పులు లేవన్నారు. మరి దీంట్లో ఏం సరిచేసుకోవాలో ఎవరైనా చెప్తారా, నిజంగా టెన్షన్‌గా ఉంది.

"నౌఅడేస్, ట్రాఫిక్ ఈజ్ ఎ బిగ్ ప్రాబ్లమ్ ఇన్ హైదరాబాద్. మోరోవర్, మెనీ పీపుల్ బై కార్స్. ఫర్దర్‌మోర్, ది రోడ్స్ ఆర్ నారో. ఆన్ ది అదర్ హ్యాండ్, ది మెట్రో ఈజ్ ఫాస్ట్. హవెవర్, ఇట్ డజ్ నాట్ రీచ్ ఎవ్రీ ఏరియా. దేర్‌ఫోర్, పీపుల్ యూజ్ దెయిర్ ఓన్ వెహికల్స్."

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

నాకైతే బాగానే ఉంది కదా అనిపించింది చెల్లీ. ఎవరైనా మేడమ్స్, సర్స్ చూసి చెప్పండి, నేను కూడా ఫాలో అవుతా.

తార్నాక_లెక్చరర్

అమ్మా, గ్రామర్ బాగానే ఉంది. ఇప్పుడు ఒక పని చెయ్యి, ఆ ఆరు వాక్యాల ముందున్న కనెక్టర్లన్నీ చేత్తో మూసేసి చదువు. ట్రాఫిక్ పెద్ద సమస్య అన్నావు. వెంటనే జనం కార్లు కొంటున్నారన్నావు. రెండోది మొదటిదానికి కారణం. మరి మధ్యలోకి మోరోవర్ ఎందుకొచ్చింది? ఒక వాదన చెప్పి, దానికి బలమిచ్చే ఇంకో వాదన కలిపేటప్పుడు వాడేది అది. ఇక్కడ నువ్వు ఇంకా ఒక్క వాదన కూడా పూర్తిగా చెప్పలేదు. రోడ్లు ఇరుకు అన్నది ఇంకో కారణం, దాన్ని కూడా ఫర్దర్‌మోర్ అని దేనికి కలుపుతున్నావో చదివేవాళ్ళకి తెలియదు. తర్వాత ఆన్ ది అదర్ హ్యాండ్. ఒకే విషయానికి రెండు పక్షాలు ఉన్నప్పుడు రెండో పక్షం ఎత్తుకోవడానికి వాడతాం. మెట్రో వేగంగా వెళ్తుంది అన్నది ట్రాఫిక్‌కి రెండో పక్షం కాదు, దానికి ఒక పరిష్కారం. అంటే ఆరు వాక్యాల్లో మూడు చోట్ల కనెక్టర్ ఒక మాట చెప్తోంది, వాక్యాలు ఇంకో మాట చెప్తున్నాయి. 'మెకానికల్' అన్నది అందుకే.

రోడ్డు మీద ఎవరైనా కుడివైపు ఇండికేటర్ వేసి నేరుగా పోతే వెనకున్న బండివాడికి ఎలా ఉంటుందో, పరీక్ష దిద్దేవాళ్ళకి అలా ఉంటుంది.

నీ విషయాలనే తీసుకుని ఇలా రాయొచ్చు:

"ట్రాఫిక్ ఈజ్ ఎ బిగ్ ప్రాబ్లమ్ ఇన్ హైదరాబాద్, లార్జ్‌లీ బికాజ్ మోర్ ఫ్యామిలీస్ నౌ ఓన్ కార్స్ వైల్ ది ఓల్డర్ రోడ్స్ హావ్ స్టేడ్ నారో. ది మెట్రో, విచ్ ఓపెన్డ్ ఇన్ 2017, హాజ్ ఈజ్డ్ సమ్ ఆఫ్ దిస్ ప్రెషర్, బట్ ఇట్ లీవ్స్ అవుట్ లార్జ్ పార్ట్స్ ఆఫ్ ది సిటీ. పీపుల్ ఇన్ దోజ్ పార్ట్స్ స్టిల్ డిపెండ్ ఆన్ దెయిర్ ఓన్ వెహికల్స్."

షీట్‌లో ఉండే పెద్ద మాట ఒక్కటీ లేదు. ఉన్నవి బికాజ్, వైల్, బట్. వీటికి తోడు 'దిస్ ప్రెషర్' అన్నది పై వాక్యం మొత్తాన్నీ పట్టుకుంది, 'దోజ్ పార్ట్స్' ముందు వాక్యం చివర్ని పట్టుకుంది, 'స్టిల్' అన్న చిన్నమాట మెట్రో వచ్చినా పరిస్థితి మారలేదని చెప్పేసింది. చివర్లో దేర్‌ఫోర్ పెట్టనక్కర్లేదు, 'దోజ్ పార్ట్స్' ఉండగా ఎవరికైనా అర్థమవుతుంది.

కొండాపూర్_టు_డబ్లిన్

మేడం చెప్పింది కరెక్ట్. మార్కుల లెక్క కూడా చెప్తా, ఎందుకంటే కోచింగుల్లో ఇది సగమే చెప్తారు. రైటింగ్‌లో నాలుగు అంశాలు, ఒక్కోదానికి 25 శాతం, అందులో కోహీరెన్స్ అండ్ కోహీషన్ ఒకటి. బ్యాండ్ (అంటే స్కోరు) 5 వివరణలో కనెక్టర్లు చాలకపోవడం, తప్పుగా వాడటంతో పాటు అతిగా వాడటాన్ని కూడా లోపంగానే రాశారు. బ్యాండ్ 6కి వచ్చేసరికి వాక్యాల మధ్య కలపడం తప్పుగానో యాంత్రికంగానో ఉండొచ్చు అంటారు, నీకు రాసిచ్చిన మాట అక్కడిదే. బ్యాండ్ 9 వివరణ చూడు, కలిపిన తీరు మీదికి చదివేవాళ్ళ దృష్టి చాలా అరుదుగా తప్ప పోకూడదు అంటారు. అంటే పైకి వెళ్ళేకొద్దీ కనెక్టర్ కనిపించకుండా పోవాలి. షీట్ పద్ధతి సరిగ్గా దానికి అడ్డంగా వెళ్తుంది.

ఇంకోటి, కోహీరెన్స్‌కి పేరాగ్రాఫులు కూడా లెక్కే. పేరా ఒక్కటే విషయం మీద నిలబడకపోతే లోపల ఎన్ని హవెవర్‌లు పెట్టినా లాభం లేదు. టాస్క్ 2కి (వ్యాసం) టాస్క్ 1 (గ్రాఫ్ లాంటివి వివరించడం) కంటే రెండింతల వెయిట్ ఉంటుంది కాబట్టి ముందు దాని మీద కూర్చో.

నల్లగొండ_తెలుగుమీడియం

అందరూ షీట్‌ని తిడుతున్నారు గానీ నేను ఒప్పుకోను. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో పడేసరికి ఒక పేరా రాయాలంటే చేయి కదిలేది కాదు. ఇన్ అడిషన్, యాజ్ ఎ రిజల్ట్, ఫర్ ఎగ్జాంపుల్ అని నాలుగు మాటలు నోటికి వచ్చి ఉండబట్టే తర్వాతి వాక్యం పుట్టేది. మీరు చెప్పే 'దిస్ ప్రెషర్' లాంటివి ఇంగ్లిష్ బాగా చదివిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళకి సులువు. మాలాంటివాళ్ళకి ముందు చేతికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. చాలామందికి కావాల్సింది 6 లేదా 6.5, 9 కాదు. ఆ స్కోరుకి షీట్ పనికొస్తుంది, నా ఫ్రెండ్స్‌కి పనికొచ్చింది.

తార్నాక_లెక్చరర్

బాబూ, నీ మాటలో న్యాయం ఉంది. మా కాలేజీలో సగంమంది పిల్లలు తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళే, వాళ్ళకి మొదట్లో నేను కూడా మాటలు ఇస్తాను. కానీ ఎలా ఇస్తానన్నదే అసలు సంగతి. కారణం చెప్పడానికి బికాజ్, ఫలితానికి సో, ఎదురు చెప్పడానికి బట్, ఒప్పుకుని ఎదురు చెప్పడానికి ఆల్దో, ఉదాహరణకి ఫర్ ఎగ్జాంపుల్, పోలికకి వైల్. మొదటి సెమిస్టర్ మొత్తం ఇవే. వీటితో ఏం చెప్తున్నామో పిల్లలకి తెలిసిపోతే తర్వాత కాన్సిక్వెంట్లీ, నెవర్‌ద‌లెస్ లాంటివి వాళ్ళే పుస్తకాల్లో చూసి తెచ్చుకుంటారు. నీకు తర్వాతి వాక్యం పుట్టడానికి మాట కావాలన్నావు చూడు, ఆ మాట బదులు ఒక ప్రశ్న వేసుకో: ఎందుకు? అయితే ఏమైంది? అందరికీ అంతేనా? ఇప్పుడు రాసిన వాక్యం వినగానే ఎదుటివాళ్ళు ఏం అడుగుతారో అదే నీ తర్వాతి వాక్యం. జవాబు రాశాక మధ్యలో కనెక్టర్ కావాలా వద్దా అన్నది తెలిసిపోతుంది.

నల్లగొండ_తెలుగుమీడియం

ప్రశ్న వేసుకోవడం బాగుంది మేడం, అది మాకెవరూ చెప్పలేదు. ఆరు మాటలతో మొదలుపెట్టడం కూడా ఓకే. కానీ పరీక్షకి నెల రోజులే ఉన్నవాళ్ళు షీట్ పక్కన పడేయాలంటే నేను ఇప్పటికీ వద్దనే అంటా.

ఒక డౌట్. ఆల్దో తర్వాత బట్ పెట్టకూడదని ప్రతి సర్ చెప్తారు, అయినా చెయ్యి దానంతట అదే పెట్టేస్తుంది. ఎందుకు మేడం?

తార్నాక_లెక్చరర్

తెలుగులో వాక్యాల్ని కలిపే పని ఎక్కువగా క్రియ తోక చేస్తుంది. పడి, పడుతూ, పడితే, పడినా, పడటంతో. ఒక్క క్రియకి ఎన్ని తోకలో చూడు. 'వర్షం పడినా వచ్చాడు' అన్నప్పుడు కలపడం 'నా' లోనే అయిపోయింది. కానీ మాట్లాడేటప్పుడు 'వర్షం పడినా కానీ వచ్చాడు' అని ఇంకోటి తగిలిస్తాం, ఎవరికీ తప్పనిపించదు. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలకి ఒక్క ముడే. "ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, హి కేమ్" లేదా "ఇట్ వాజ్ రెయినింగ్, బట్ హి కేమ్". బికాజ్‌తో మొదలుపెట్టి మధ్యలో సో పెట్టడం కూడా ఇదే అలవాటు, 'లేటయింది కాబట్టి అందుకని' అన్నట్టు.

ఇంకోవైపు మనం 'లేచి, స్నానం చేసి, తిని, బస్సెక్కి' అని ఎంత దూరమైనా పోతాం. అది ఇంగ్లిష్‌లోకి అలాగే దించితే మధ్యలో అన్నీ కామాలే మిగులుతాయి, లేదా అయిదు అండ్‌లు వస్తాయి. అక్కడ ఏది ముఖ్యమో ఎంచుకుని దాన్నే అసలు క్రియగా పెట్టి మిగతావి ఆఫ్టర్‌తోనో బిఫోర్‌తోనో దాని కింద పెట్టాలి.

అశోక్‌నగర్_మెయిన్స్

గ్రూప్-1 వాళ్ళకి కూడా ఇది చాలా పనికొస్తుంది. మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ 150 మార్కులు, క్వాలిఫయింగే, ర్యాంకుకి కలపరు, కానీ అందులో తప్పితే మిగతా పేపర్లకి విలువ ఉండదు. జంబుల్డ్ సెంటెన్సెస్ (తారుమారైన వాక్యాల్ని వరసలో పెట్టడం) వస్తాయి, ప్రిసీ (పాఠాన్ని కుదించి రాయడం) వస్తుంది. జంబుల్డ్‌లో కనెక్టర్లు, 'దిస్', 'దీజ్', 'హి' లాంటివే ఆధారం. మా రూమ్‌లో ప్రాక్టీస్‌కి నేను రాసుకున్నది ఒకటి చూడండి:

పి. దిస్ డిజాస్టర్ లెడ్ ది గవర్నమెంట్ టు సీక్ ది అడ్వైస్ ఆఫ్ ఎం. విశ్వేశ్వరయ్య.
క్యూ. ఇన్ సెప్టెంబర్ 1908, ఎ ఫ్లడ్ ఇన్ ది మూసీ కిల్డ్ థౌజండ్స్ ఆఫ్ పీపుల్ ఇన్ హైదరాబాద్.
ఆర్. ది ఫస్ట్ ఆఫ్ దీజ్, ఉస్మాన్ సాగర్, వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1920.
ఎస్. హి రికమెండెడ్ బిల్డింగ్ రిజర్వాయర్స్ అప్‌స్ట్రీమ్ ఆఫ్ ది సిటీ.

పి మొదట రాదు, ఏ డిజాస్టరో ముందు చెప్పాలి. ఎస్ మొదట రాదు, హి ఎవరో తెలియాలి. ఆర్‌లో 'దీజ్' అంటే రిజర్వాయర్లు, కాబట్టి ఎస్ తర్వాతే. క్యూ, పి, ఎస్, ఆర్. ఇంకో చిన్న క్లూ, కొత్త విషయం మొదటిసారి 'ఎ'తో వస్తుంది, రెండోసారి నుంచి 'ది'తో గానీ 'దిస్'తో గానీ.

తార్నాక_లెక్చరర్

చాలా మంచి ఉదాహరణ ఇచ్చావు. ఈ నాలుగు వాక్యాల్లో మోరోవర్, హవెవర్, దేర్‌ఫోర్ ఏవీ లేవు, అయినా ఒకదాన్ని కూడా చోటు మార్చలేం. అంత గట్టిగా కలిశాయి. 1976లోనే హాలిడే, రుకయా హసన్ అనే భాషాశాస్త్రవేత్తలు ఇంగ్లిష్‌లో ఇలా కలిపే సాధనాల్ని అయిదు రకాలుగా చూపించారు. దిస్, హి లాంటి సూచన మాటలు ఒక రకం, మాట బదులు మాట వాడటం ఒకటి, తెలిసిన మాటని వదిలేయడం ఒకటి, అదే మాటనో దానికి దగ్గరి మాటనో మళ్ళీ తేవడం ఒకటి, కనెక్టర్లు ఒకటి. మన షీట్లన్నీ ఆ అయిదింటిలో ఒక్కదాని గురించే. తార్నాకలో మా ఇంటి దగ్గరే ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది, 1958లో ఇంగ్లిష్ టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి మొదలైన సంస్థ, ఇంగ్లిష్ ఎలా నేర్పాలో ఈ ఊళ్ళో అన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నారు. అయినా అమీర్‌పేట క్లాసుల్లోకి ఆ నాలుగూ ఇంకా రావట్లేదు, నా బాధ అది.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

ఇది చదివాక మా టీమ్ మెయిల్స్ గుర్తొచ్చాయి. మా వాళ్ళు అందరూ హెన్స్ మీద బతుకుతారు. క్లయింట్‌కి వెళ్ళే మెయిల్ ఇలా ఉంటుంది: "ది సర్వర్ వాజ్ డౌన్. హెన్స్ వి కుడ్ నాట్ డిప్లాయ్. హెన్స్ ది రిలీజ్ ఈజ్ డిలేడ్. హెన్స్ రిక్వెస్టింగ్ యూ టు అప్రూవ్ ది న్యూ డేట్." చదివేవాడికి కొత్త డేట్ ఏంటో చివరిదాకా తెలియదు, అసలు అందులో డేటే లేదు. నేను ఇలా మార్చి పంపిస్తున్నా: "ది రిలీజ్ విల్ మూవ్ టు థర్స్‌డే బికాజ్ ది సర్వర్ వాజ్ డౌన్ లాస్ట్ నైట్ అండ్ వి కుడ్ నాట్ డిప్లాయ్. కెన్ యూ అప్రూవ్ ది న్యూ డేట్?" ఓకేనా మేడం? బికాజ్, సో, బట్ ఇవి ఆఫీస్ మెయిల్‌లో చిన్నపిల్లల మాటల్లా ఉండవా?

చిక్కడపల్లి_ప్రూఫ్‌రీడర్

ఉండవు బాబూ. నేను చాలా ఏళ్ళు ఇంగ్లిష్ ప్రూఫులు దిద్దాను. మంచి ఇంగ్లిష్ రాసేవాళ్ళు వాక్యాన్ని బట్‌తోనూ అండ్‌తోనూ మొదలుపెట్టడం కూడా మామూలే. నీ మెయిల్ బాగుంది, అసలు సంగతి ముందు వచ్చింది, కారణం తర్వాత వచ్చింది.

పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేవి నాలుగు మాటల్లో చెప్తాను. హవెవర్ రెండు వాక్యాల్ని కామాతో కలపలేదు. "ఐ వెంట్ టు ది ఆఫీస్, హవెవర్ ఇట్ వాజ్ క్లోజ్డ్" అని రాస్తే తప్పు. దాని ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో ఉండాలి, తర్వాత కామా ఉండాలి. అక్కడ బట్ పెడితే ముందు ఒక్క కామా చాలు. దేర్‌ఫోర్, మోరోవర్ కూడా హవెవర్ దారే. హవెవర్‌ని ఎప్పుడూ మొదట్లోనే పెట్టాలని కూడా లేదు, "ది ఆఫీస్, హవెవర్, వాజ్ క్లోజ్డ్" అంటే ఆఫీస్ మీద ఊనిక పడి ఇంకా అందంగా ఉంటుంది.

డిస్పైట్ తర్వాత ఆఫ్ రాదు, ఇన్ స్పైట్ తర్వాత వస్తుంది. రెండింటి తర్వాతా నామవాచకమో, ఐఎన్‌జీ రూపమో రావాలి, పూర్తి వాక్యం రాకూడదు. డిస్పైట్ ది రెయిన్, డిస్పైట్ బీయింగ్ టయర్డ్. పూర్తి వాక్యం కావాలంటే ఆల్దో ఉంది కదా.

ఆన్ ది కాంట్రరీని ఆన్ ది అదర్ హ్యాండ్ బదులు వాడేస్తుంటారు, అది ఇప్పుడే చెప్పిన మాటని కాదనడానికి మాత్రమే. "హి ఈజ్ నాట్ లేజీ. ఆన్ ది కాంట్రరీ, హి వర్క్స్ టెన్ అవర్స్ ఎ డే." ఇక వ్యాసం చివరి పాయింట్‌కి ఎట్ లాస్ట్ అని రాస్తారు. ఎంతో ఎదురుచూశాక జరిగినదానికి అది. చివరి పాయింట్‌కి ఫైనల్లీ అనో లాస్ట్‌లీ అనో రాయాలి.

అశోక్‌నగర్_మెయిన్స్

సర్, యాజ్ వెల్ యాజ్ కూడా చెప్పండి, ఎర్రర్స్‌లో అది తప్పకుండా అడుగుతారు.

చిక్కడపల్లి_ప్రూఫ్‌రీడర్

మొదటి మాటని బట్టే క్రియ. "ది మేనేజర్, యాజ్ వెల్ యాజ్ ది క్లర్క్స్, వాజ్ ప్రెజెంట్." అండ్ ఉంటే వర్ వచ్చేది.

కొండాపూర్_టు_డబ్లిన్

స్పీకింగ్ గురించి ఒక్క మాట. అది 11 నుంచి 14 నిమిషాలు, అక్కడ ఫ్లూయెన్సీ అండ్ కోహీరెన్స్ అని కలిపి చూస్తారు. క్యూ కార్డ్‌కి (మాట్లాడాల్సిన విషయం రాసి ఇచ్చే కార్డు) ఒక నిమిషం ప్రిపరేషన్ ఇచ్చి రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు, అక్కడ మీ అమ్మమ్మ ఊరు గురించి చెప్తూ ఫర్దర్‌మోర్ అన్నావంటే బట్టీ పట్టినట్టు వెంటనే తెలిసిపోతుంది. మాటల్లో సో, బట్, ఎనీవే, ది థింగ్ ఈజ్, ఇవి చాలు. యాక్చువల్లీ, బేసికల్లీ అని ప్రతి వాక్యం ముందూ పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, ఒకసారి నీ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విను.

మియాపూర్_మెట్రో

అందరికీ చాలా చాలా థాంక్స్. మేడం, మీరు చెప్పినట్టు ప్రశ్న వేసుకుంటూ కొత్త పేరా రాశాను, కనెక్టర్లు అన్నీ తీసేశాను. చూడండి ప్లీజ్.

"వర్కింగ్ ఫ్రమ్ హోమ్ సేవ్స్ పీపుల్ ది డైలీ జర్నీ టు ది ఆఫీస్. దిస్ గివ్స్ దెమ్ మోర్ టైమ్ విత్ దెయిర్ ఫ్యామిలీస్. ఇట్ ఆల్సో మేక్స్ ఇట్ హార్డర్ టు స్టాప్ వర్కింగ్ ఇన్ ది ఈవెనింగ్."

తార్నాక_లెక్చరర్

మొదటి రెండు వాక్యాలు చక్కగా కలిశాయి, చదువుతుంటే హాయిగా ఉంది. మూడో వాక్యంలో మాత్రం కనెక్టర్ ఉండి తీరాలి. కుటుంబంతో ఎక్కువ సమయం అన్నది లాభం, సాయంత్రం పని ఆగకపోవడం నష్టం. అక్కడ ఆల్సో పెడితే రెండూ ఒకే వైపు ఉన్నట్టు అయింది, 'ఇట్' అంటే ఏదో కూడా తేలలేదు. వాదన మలుపు తిరిగే చోట చదివేవాళ్ళకి ముందే చెప్పాలి, అది కనెక్టర్ పని, అక్కడ పొదుపు చేయకూడదు.

"వర్కింగ్ ఫ్రమ్ హోమ్ సేవ్స్ పీపుల్ ది డైలీ జర్నీ టు ది ఆఫీస్. ది టైమ్ సేవ్డ్ కెన్ గో టు దెయిర్ ఫ్యామిలీస్, బట్ విత్ నో జర్నీ టు మార్క్ ది ఎండ్ ఆఫ్ ది డే, మెనీ ఫైండ్ ఇట్ హార్డర్ టు స్టాప్ వర్కింగ్."

జర్నీ అన్న మాట రెండోసారి వచ్చింది చూశావా, మొదటిసారి అది భారం, రెండోసారి అదే లేని లోటు. ఒకే మాటని మళ్ళీ వాడటానికి మన పిల్లలు భయపడతారు, రిపిటీషన్ అంటారేమోనని. ఇలా వాదన నడిపించే మాటని మళ్ళీ వాడితే తప్పు లేదు, దాని బదులు ట్రావెల్, కమ్యూట్, ట్రిప్ అని మారుస్తూ పోతేనే చదివేవాళ్ళకి దారి తప్పుతుంది.

మియాపూర్_మెట్రో

ఇప్పుడు అర్థమైంది మేడం, మలుపు దగ్గర పెట్టాలి, నేరుగా పోయేచోట అవసరం లేదు. ఇంకొక్కటి అడుగుతా, టాస్క్ 1లో గ్రాఫ్ వివరించేటప్పుడు వేరాజ్‌తో వాక్యం మొదలుపెట్టి ఫుల్‌స్టాప్ పెట్టేస్తున్నా, దాని పక్కన ఎర్రగా గీస్తున్నారు.

చిక్కడపల్లి_ప్రూఫ్‌రీడర్

వేరాజ్ ఒంటరిగా నిలబడదమ్మా, రెండు సగాలూ ఒకే వాక్యంలో ఉండాలి. "కార్ యూజ్ రోజ్ స్టెడిలీ, వేరాజ్ బస్ యూజ్ ఫెల్." రెండు వాక్యాలుగా విడగొట్టాలనుకుంటే రెండోదాన్ని "బై కాంట్రాస్ట్, బస్ యూజ్ ఫెల్" అని మొదలుపెట్టు. టాస్క్ 1కి కనీసం 150 మాటలే కాబట్టి ఇలాంటి పోలికలు రెండు మూడు చోట్ల వస్తే సరిపోతుంది. మిగతాచోట్ల అంకెలు వరసగా ఉంటే చాలు, సంవత్సరాలే వాక్యాల్ని కలుపుతాయి.

తార్నాక_లెక్చరర్

సర్ చెప్పినట్టే. పాత మాక్ పేపర్లు తీసి ప్రతి కనెక్టర్ పక్కన పెన్సిల్‌తో అది కారణమా, ఫలితమా, ఎదురుమాటా, ఉదాహరణా అని తెలుగులోనే రాయి. ఏదీ రాయలేని చోట ఆ మాట కొట్టెయ్యి. రెండు మూడు పేపర్లు అలా చేశాక ఇక్కడ పెట్టు, చూస్తాను.